గేర్‌బాక్స్‌ను తిట్టే ముందు క్లచ్ తొక్కి చూడండి

మాన్యువల్ స్పోర్ట్స్ కార్ల మీద వచ్చే ఫిర్యాదులు రెండు రకాలు. ఒకటి చెవికి వినిపించేది: న్యూట్రల్‌లో గడగడ, పెడల్ తొక్కితే కిచకిచ, వదిలితే గరగర. రెండోది చేతికి తెలిసేది: సెకండ్ గేర్ మొండికేయడం, రివర్స్ వేస్తే గర్రుమనడం, రెడ్‌లైన్ (ఇంజిన్ గరిష్ఠ వేగం) దగ్గర థర్డ్‌లోకి తోస్తే లివర్ వెనక్కి తన్నడం. మొదటి రకానికి జనం హడలిపోతారు, గేర్‌బాక్స్ దించేదాకా ఊరుకోరు. రెండో రకం వచ్చినప్పుడు మాత్రం "స్పోర్ట్స్ కారు కదా, గేర్లు కాస్త బిగుతుగానే ఉంటాయి" అని సర్దుకుపోతారు. నన్నడిగితే ఇది తలకిందుల వ్యవహారం. చెవికి వినిపించేవాటిలో చాలావరకు కారుకు ఏ హానీ చేయవు. చేతికి తెలిసేవి అలా కాదు. పైగా అవి చాలాసార్లు గేర్‌బాక్స్ తప్పు కూడా కావు. పెడల్ తొక్కినా క్లచ్ ఇంజిన్‌ను పూర్తిగా వదలడం లేదు, ఆ శిక్ష గేర్‌బాక్స్ అనుభవిస్తోంది.

ముందు ఆ గడగడ సంగతి తేల్చేద్దాం. కారు ఆగి ఉంది, ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంది, గేరు న్యూట్రల్‌లో ఉంది, కాలు పెడల్ మీద లేదు. గేర్‌బాక్స్ ఖాళీగా ఉందనుకుంటాం. నిజానికి లోపల ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వచ్చేది), కౌంటర్ షాఫ్ట్ (దాని పక్కన తిరిగేది), వాటితో పళ్లు కలిపి ఉన్న గేర్లు అన్నీ తిరుగుతూనే ఉంటాయి. వాటి మీద లోడ్ లేదు కాబట్టి పళ్ల మధ్య ఉండే సన్నటి సందులో అటూ ఇటూ కొట్టుకుంటాయి. కొట్టించేది ఇంజినే. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ (ఇంజిన్ ప్రధాన షాఫ్ట్) ఒక చుట్టు తిరిగేలోపు రెండు సిలిండర్లు మండుతాయి. 800 ఆర్‌పీఎం దగ్గర అంటే సెకనుకు దాదాపు 27 తోపులు. ప్రతి తోపుకూ క్రాంక్ ఒక్క క్షణం ముందుకు దూకి మళ్లీ నెమ్మదిస్తుంది. ఆ కుదుపు ఫ్లైవీల్ (క్రాంక్ చివర బిగించిన బరువైన చక్రం) మీదుగా, దానికి అదుముకుని ఇన్‌పుట్ షాఫ్ట్‌ను తిప్పే క్లచ్ ప్లేట్ మీదుగా గేర్లకు చేరితే డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు వినిపిస్తుంది.

మామూలు కార్లలో దీన్ని వినిపించకుండా చేసేది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. ఫ్లైవీల్‌ను రెండు ముక్కలు చేసి, ఒకటి క్రాంక్‌కు, రెండోది క్లచ్‌కు బిగించి, మధ్యలో గ్రీజులో మునిగి ఉండే పొడవాటి వంపు స్ప్రింగులు పెడతారు. ఇంజిన్ కుదుపులు ఆ స్ప్రింగుల్లోనే ఆగిపోతాయి. బరువు ఎక్కువ, ఖరీదు ఎక్కువ, ఎప్పటికీ ఉండే వస్తువు కాదు, అరుగుతుంది. అందుకే తేలికైన సింగిల్ మాస్ (ఒకే ముక్క) ఫ్లైవీల్ అంటే స్పోర్ట్స్ కార్ల వాళ్లకు మోజు. 2016 పోర్షె 911 ఆర్‌కి దాన్ని కంపెనీయే ఆప్షన్‌గా ఇచ్చింది. ఇంజిన్ చటుక్కున పైకి లేస్తుంది, చటుక్కున దిగుతుంది, ఐడ్లింగ్‌లో గడగడ మాత్రం వదలదు. అది ఆ డిజైన్‌కు కట్టాల్సిన మూల్యం. దాన్ని లోపమని వర్క్‌షాప్‌కు తీసుకెళ్లడంలో అర్థం లేదు.

అయితే ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉన్న చాలా కార్లలో క్లచ్ ప్లేట్ మధ్యలో స్ప్రింగులు ఉండవు, ఎందుకంటే ఆ పని ఫ్లైవీల్ చేస్తోంది. ఫ్లైవీల్‌ను సింగిల్ మాస్‌గా మార్చి, ప్లేట్ మాత్రం పాతదే వాడితే ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య కుదుపును మింగే భాగం ఒక్కటీ మిగలదు. గడగడే కాదు, తక్కువ ఆర్‌పీఎంలో లాగినప్పుడల్లా షాఫ్టులకూ పళ్లకూ దెబ్బలు తగులుతుంటాయి. సింగిల్ మాస్ వేస్తే స్ప్రింగ్ హబ్ (మధ్య భాగంలో స్ప్రింగులు) ఉన్న ప్లేట్ వేయాల్సిందే. ఐడ్లింగ్‌ను 100 నుంచి 150 ఆర్‌పీఎం పెంచితే గడగడ బాగా తగ్గుతుంది. గేర్ ఆయిల్ వేడెక్కి పలచబడ్డాక ఎక్కువగా వినిపిస్తుంది కదా అని చిక్కటి ఆయిల్ పోసేవాళ్లూ ఉన్నారు. చప్పుడు తగ్గుతుంది నిజమే, కానీ చలి ఉదయం సెకండ్ గేరు పడటం మానేస్తుంది.

ఇక నిజంగా పట్టించుకోవాల్సిన చప్పుడును ఎలా వేరు చేయాలి? చప్పుడు ఎలా ఉందో వర్ణించడం దండగ. ఒకరి కీచు ఇంకొకరికి కిచకిచ. పెడల్ ఎక్కడ ఉన్నప్పుడు మొదలైంది, ఎక్కడ ఆగింది అన్నదే సాక్ష్యం.

మొట్టమొదట ఇంజిన్ ఆపేసి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి. అప్పుడూ కిర్రుమంటే బేరింగుల జోలికి పోనక్కర్లేదు. పెడల్ బుష్, మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని ఫ్లూయిడ్‌కు అందించేది) రాడ్ కొస, లేదా బెల్ హౌసింగ్‌లో (క్లచ్‌ను కప్పి ఉండే భాగంలో) రిలీజ్ ఫోర్క్ (రిలీజ్ బేరింగ్‌ను తోసేది) కూర్చునే గుండు, ఈ మూడింటిలో ఒకటి గ్రీజు లేక ఎండిపోయింది. అక్కడ వేడిని తట్టుకునే గ్రీజు కావాలి. మామూలు చక్రాల గ్రీజు రాస్తే కరిగి కారిపోతుంది, కారితే ప్లేట్ మీదకే పోతుంది.

ఇప్పుడు ఇంజిన్ ఆన్ చేసి, న్యూట్రల్‌లో కాలు తీసేసి వినండి. వినిపిస్తున్నది పెడల్ తొక్కగానే ఆగిపోతే అది ఇన్‌పుట్ షాఫ్ట్ వైపు వ్యవహారం. గడగడ అయితే ఆర్‌పీఎం 1200కి తీసుకెళ్లేసరికి దాదాపు మాయమవుతుంది, ఎక్కువ పట్టించుకోకండి. అలా కాకుండా హూం అనే మూలుగు ఇంజిన్‌తో పాటు గొంతు పెంచుకుంటూ పోతే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ పోతున్నట్టు. ఇది మాత్రం వాయిదా వేసే పని కాదు. బేరింగ్ వదులైతే షాఫ్ట్ పక్కకు ఒరుగుతుంది, దాంతో గేర్ల పళ్లు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోవు.

తర్వాత పెడల్ మీద కాలు ఊరికే ఆనించండి, ఒకటి రెండు సెంటీమీటర్లు కదిలితే చాలు. అప్పటిదాకా ఉన్న కిచకిచ ఆగిపోయిందంటే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ను వదిలించేది) క్లచ్ డయాఫ్రమ్ స్ప్రింగు వేళ్ల మీద వదులుగా ఆడుతోందన్నమాట. చిరాకే తప్ప పెద్ద ప్రమాదం లేదు. ఆనించగానే చప్పుడు మొదలై, తొక్కేకొద్దీ పెరిగితే ఆ బేరింగ్ అరిగిపోయింది. ఇది ముదిరితే వేళ్లను కూడా కోసేస్తుంది, అప్పుడు ప్రెజర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ను ఫ్లైవీల్‌కు అదిమేది) ఖర్చూ మీద పడుతుంది.

పైలట్ బేరింగ్‌ను పట్టుకోవడం ఇంకాస్త చమత్కారమైన పని. క్రాంక్ చివర కూర్చుని ఇన్‌పుట్ షాఫ్ట్ మొనను మోసే చిన్న బేరింగ్ అది. క్రాంక్, షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతున్నంతసేపు దానికి పని ఉండదు కాబట్టి నోరెత్తదు. పెడల్ పూర్తిగా తొక్కి న్యూట్రల్‌లో ఉంచితే షాఫ్ట్ మెల్లగా వేగం తగ్గుతుంది, చప్పుడు కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. అలాగే తొక్కి ఉంచి ఫస్ట్ గేరు వేస్తే షాఫ్ట్ ఒక్కసారిగా ఆగుతుంది, పైలట్ బేరింగ్ వెంటనే అరుస్తుంది. రిలీజ్ బేరింగ్ అయితే గేరు వేసినా వేయకపోయినా ఒకేలా మోగుతుంది. ఈ పరీక్షకు అర నిమిషం చాలు. అది చేయకుండా రిలీజ్ బేరింగ్ మార్చేసి, వారం తిరగకముందే అదే చప్పుడుతో మళ్లీ గేర్‌బాక్స్ దించడం తెలివైన పని కాదు. అడ్డంగా కూర్చునే ఇంజిన్ ఉన్న చాలా కార్లలో పైలట్ బేరింగ్ అసలు ఉండదన్నదీ గుర్తుంచుకోండి. లేనిదాన్ని మార్చామని బిల్లు వేస్తే తెలుస్తుంది.

రెండు ప్లేట్ల క్లచ్ వేసుకున్నవాళ్లకు లెక్క తిరగబడుతుంది. ఆ క్లచ్‌లో ప్లేట్ల మధ్య తేలే ఇనుప పళ్లెం పిన్నుల మీదో గాడుల్లోనో వదులుగా కూర్చుంటుంది. పెడల్ తొక్కితే దాని మీద ఒత్తిడి పోతుంది, ఖణఖణమంటూ ఊగుతుంది. అందుకే సింగిల్ మాస్ గడగడ కాలు తీస్తే వస్తుంది, రెండు ప్లేట్ల ఖణఖణ కాలు వేస్తే వస్తుంది. రెండూ ఉన్న కారు సిగ్నల్ దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది.

డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ పోతున్నప్పుడు లక్షణాలు వేరు. స్టార్ట్ చేసేటప్పుడూ ఆపేటప్పుడూ ధన్‌మని ఒక దెబ్బ, ఐడ్లింగ్‌లో అంతకుముందు లేని టకటక, కదిలేటప్పుడు వణుకు. ఇంజిన్ వేగం ఐడ్లింగ్ కంటే కిందికి దిగినప్పుడు ఆ స్ప్రింగులు తమ సహజ కంపన వేగాన్ని దాటాల్సి వస్తుంది, దెబ్బ అక్కడే తగులుతుంది. ఆరో గేరులో 1200 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ అదిమిపట్టే అలవాటు దీని ఆయుష్షును తినేస్తుంది. గేర్‌బాక్స్ దించాక రెండు ముక్కలను చేత్తో తిప్పి, ఎంత దూరం తేలిగ్గా ఆడుతోందో, పక్కకు ఎంత ఊగుతోందో ఆ కారుకు ఇచ్చిన కొలతతో పోల్చాలి. గ్రీజు బయటికి చిమ్మిన మరక కనిపిస్తే కొలతలు కూడా అక్కర్లేదు, మార్చేయడమే.

చెవి సంగతి ఇంతటితో చాలు. అసలు గొడవ చేతి దగ్గర ఉంది.

గేరు పడటం కష్టంగా ఉందనుకోండి. ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి, అన్ని గేర్లూ ఒకదాని తర్వాత ఒకటి వేసి చూడండి. అప్పుడూ బిగుతుగానే ఉంటే లివర్ లింకేజీ, కేబుల్, లేదా గేర్‌బాక్స్ లోపలి సెలెక్టర్ ఫోర్కులు చూడాలి. ఇంజిన్ ఆపితే వెన్నలా పడి, ఆన్ చేస్తే మొండికేస్తే ముందుగా అనుమానించాల్సింది క్లచ్‌నే. పెడల్ అడుగుదాకా తొక్కినా ప్లేట్ ఇంకా ఫ్లైవీల్‌ను రాసుకుంటూనే ఉంది. దీన్ని నిర్ధారించడానికి న్యూట్రల్‌లో పెడల్ తొక్కి పది సెకన్లు ఆగి రివర్స్ వేయండి. చాలా గేర్‌బాక్సుల్లో రివర్స్‌కు సింక్రో (గేరు పడేముందు వేగాలను సమానం చేసే రింగు) ఉండదు కాబట్టి అది అబద్ధం చెప్పలేదు. పది సెకన్ల తర్వాత కూడా గర్రుమందంటే ఇన్‌పుట్ షాఫ్ట్ ఇంకా తిరుగుతోంది. ఇంకో ఆనవాలు: పెడల్‌ను నేల నుంచి ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తగానే కారు కదలడం. అంటే వదిలే దూరం దాదాపు మిగల్లేదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, సింక్రో చేసే పనేమిటో చూస్తే తెలుస్తుంది. ఫస్ట్ నిష్పత్తి (బయటికి వెళ్లే షాఫ్ట్ ఒక చుట్టుకు ఇన్‌పుట్ షాఫ్ట్ తిరిగే చుట్లు) 3.6, సెకండ్ 2.2 ఉన్న గేర్‌బాక్స్ తీసుకోండి. 7000 ఆర్‌పీఎం దగ్గర ఫస్ట్ నుంచి సెకండ్‌కు మారితే ఇన్‌పుట్ షాఫ్ట్ వేగం సుమారు 4280కి దిగాలి. అంటే 2700కు పైగా తేడా. థర్డ్ 1.5 అనుకుంటే సెకండ్ నుంచి దానికి వెళ్లేటప్పుడు తేడా 2230 దగ్గరే ఉంటుంది. అందుకే ముందుగా అరిగేది సెకండ్ సింక్రో. ఆ తేడానంతా ఒక చిన్న రింగు, తన శంకువు ఆకారపు అంచును గేరుకు రుద్ది, సెకనులో చిన్న భాగంలో తీసేయాలి. క్లచ్ పూర్తిగా వదిలితే అది ఆపాల్సింది షాఫ్ట్, క్లచ్ ప్లేట్, గేర్ల బరువు మాత్రమే. క్లచ్ రాసుకుంటుంటే అది తిరిగే ఇంజిన్‌తో కుస్తీ పడుతోంది. కుస్తీలో ఎవరు గెలుస్తారో చెప్పనక్కర్లేదు. తర్వాత ఎవరో "ఈ మోడల్ గేర్‌బాక్సులే ఇంత, సింక్రోలు నిలవవు" అని రాస్తారు. గేర్‌బాక్స్ విప్పి కొత్త సింక్రోలు వేస్తారు. క్లచ్ అదే. కొత్తవి కూడా అదే దారి పడతాయి.

రెండు అపోహలను ఇక్కడే తీసేయాలి. తేలికైన ఫ్లైవీల్ వేస్తే సింక్రోల మీద భారం తగ్గుతుందంటారు. పెడల్ తొక్కి ఉన్నప్పుడు ఫ్లైవీల్ ఇంజిన్ వైపు ఉంటుంది, దాని బరువుతో సింక్రోకు సంబంధమే లేదు. సంబంధం ఉన్నది క్లచ్ ప్లేట్ బరువుతో. రెండు ప్లేట్లో, మందమైన రాగి ముక్కల ప్లేటో వేస్తే సింక్రో మోయాల్సిన బరువు ఇంకా పెరుగుతుంది. ఎక్కువ టార్క్ (తిప్పే బలం) పట్టాలని క్లచ్ మార్చుకునేవాళ్లు వ్యాసం చిన్నగా ఉన్న ప్లేట్లు ఎంచుకోవడంలో అర్థం ఉంది. బరువు అంచుకు దగ్గరగా ఉన్నకొద్దీ దాన్ని ఆపడం కష్టం. పోర్షె కరెరా జీటీ క్లచ్ వ్యాసం 169 మిల్లీమీటర్లేనంటే కారణాల్లో అదొకటి.

రెండో అపోహ: కింది గేరుకు దిగేటప్పుడు యాక్సిలరేటర్ ఒక తట్టు తడితే సింక్రోలు బతుకుతాయన్నది. క్లచ్ తొక్కి ఉండగా ఇంజిన్‌ను ఎంత లేపినా ఇన్‌పుట్ షాఫ్ట్‌కు ఆ సంగతి తెలియదు. ఆ తట్టు వల్ల పెడల్ వదిలేటప్పుడు కుదుపు ఉండదు, వెనక చక్రాలు పట్టు తప్పవు, క్లచ్ లైనింగ్ (ప్లేట్ మీది రాపిడి పొర) మిగులుతుంది. మంచి అలవాటే, కానీ సింక్రోకు దాంతో ఒరిగేదేమీ లేదు. నిస్సాన్ 2009లో 370జెడ్‌లో తెచ్చినలాంటి ఆటోమేటిక్ రెవ్ మ్యాచింగ్‌కూ (ఆ తట్టును కారే తనంతట తాను తట్టడానికీ) ఇదే వర్తిస్తుంది. సింక్రోకు నిజంగా సాయం చేయాలంటే డబుల్ క్లచింగే దారి: తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, ఇంజిన్ లేపి, మళ్లీ తొక్కి గేరు వేయడం. ప్రతిసారీ అక్కర్లేదు. ఆయిల్ చల్లగా ఉన్న మొదటి పది నిమిషాలు, అరిగిన సెకండ్ సింక్రో ఉన్న కారు అయితే ఎప్పుడూ.

క్లచ్ ఎందుకు వదలదు? ఎక్కువగా దొరికే కారణం అతి చౌకైనది, హైడ్రాలిక్ లైన్లో గాలి లేదా పాత ఫ్లూయిడ్. పెడల్‌ను మూడు నాలుగుసార్లు గబగబా కొట్టగానే గేరు తేలిగ్గా పడితే గాలి ఉన్నట్టో, మాస్టర్ సిలిండర్ సీల్ లోపల లీకవుతున్నట్టో లెక్క. క్లచ్‌లో వాడేది చాలా కార్లలో బ్రేక్ ఫ్లూయిడే, అది తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దగ్గర మరగాలి, తేమ పట్టాక 155 డిగ్రీలకే మరగవచ్చు. ఎగ్జాస్ట్ పైపు పక్కనుంచి క్లచ్ లైను పోయే కారులో, ట్రాక్ మీద నాలుగు ల్యాపుల తర్వాత పెడల్ నేలకు అంటుకుపోయిందంటే వెతకాల్సింది ఇక్కడే. రెండేళ్లకోసారి మార్చండి, ట్రాక్‌కు వెళ్తే ఏటా.

చాలా కార్లలో బ్రేకులకూ క్లచ్‌కూ ఒకటే రిజర్వాయర్ ఉంటుంది. క్లచ్ గొట్టం కాస్త పైన కలుస్తుంది, లెవెల్ తగ్గితే ముందు క్లచ్ పోతుంది, బ్రేకులు మిగులుతాయి. కాబట్టి పెడల్ మెత్తబడితే ముందు ఆ డబ్బా చూడండి. గాలి తీయడానికి ఇద్దరు కావాలి. స్లేవ్ సిలిండర్ (గేర్‌బాక్స్ దగ్గర రిలీజ్ బేరింగ్‌ను తోసేది) నిపుల్‌కు పారదర్శకంగా ఉండే గొట్టం తగిలించి, రెండో కొసను కొంచెం ఫ్లూయిడ్ ఉన్న సీసాలో ముంచండి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, రెండోవారు నిపుల్ తెరిచి, బుడగలు పోగానే మూసేయాలి, ఆ తర్వాతే పెడల్ పైకి రావాలి. ఈ వరస తప్పితే తీసిన గాలికి రెట్టింపు గాలి లోపలికి పోతుంది. రిజర్వాయర్ ఖాళీ కానివ్వకండి, పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ఇలా గాలి తీసినా ఫలితం లేకపోతే స్లేవ్ చూడాలి. బయట ఉండే స్లేవ్ అయితే రబ్బరు టోపీ వెనక్కి లాగితే తడి కనిపిస్తుంది, అరగంట పని. ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ, బెల్ హౌసింగ్ లోపల కూర్చునే రకమైతే గేర్‌బాక్స్ దించాల్సిందే. 370జెడ్‌లో ఇదే రకం ఉంటుంది. అది లీకై పెడల్ నేలకు అంటుకుపోవడం ఆ కారు వాళ్లకు బాగా తెలిసిన కష్టం, అందుకే స్లేవ్‌ను బయటికి తెచ్చే కిట్లు కూడా దొరుకుతాయి. లోపలి రకం ఉన్న కారులో క్లచ్ ప్లేట్ మారుస్తూ పాత స్లేవ్‌నే తిరిగి బిగించడం పిసినారితనం.

హైడ్రాలిక్స్ బాగానే ఉండి కొత్త క్లచ్ వేసిన వెంటనే ఈ గొడవ మొదలైతే అనుమానం బిగించిన తీరు మీదకు పోతుంది. గేర్‌బాక్స్‌ను ఎక్కించేటప్పుడు దాని బరువంతా ప్లేట్ హబ్ మీద వేలాడితే హబ్ ఒంగుతుంది. ఒంగిన ప్లేట్ ఎప్పుడూ ఎక్కడో ఒకచోట రాసుకుంటుంది. జాక్ మీద సరిగ్గా లెవెల్ చేసి, అలైన్‌మెంట్ టూల్‌తో ప్లేట్‌ను మధ్యకు తెచ్చి, చేత్తో తోస్తే జారి కూర్చునేలా ఉండాలి. బోల్టులతో లాగి దగ్గరికి తెచ్చారంటే అయిపోయినట్టే. ప్రెజర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. స్ప్లైన్స్‌కు (ప్లేట్ జారే ఇన్‌పుట్ షాఫ్ట్ గాడులకు) గ్రీజు పలచగా రాసి, ప్లేట్‌ను ఒకసారి ముందుకు వెనక్కి జరిపి, బయటికి వచ్చినదాన్ని తుడిచేయాలి. మిగిలితే అది ఎగిరి లైనింగ్ మీదకు పోతుంది, తర్వాత వచ్చే వణుకుకు ఫ్లైవీల్‌ను నిందిస్తారు. వేరే ఇంజిన్‌కు ట్రెమెక్ కంపెనీ గేర్‌బాక్స్ తగిలించేవాళ్లు బెల్ హౌసింగ్ కేంద్రం క్రాంక్ కేంద్రానికి సరిపోయిందో లేదో డయల్ గేజ్‌తో చూడాలి. 0.13 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే పైలట్ బేరింగ్, ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ రెండూ త్వరగా పోతాయి. కొత్త క్లచ్‌కు 500 నుంచి 800 కిలోమీటర్లు ఊళ్లో మెల్లగా నడిపే అలవాటు కావాలి. హైవే మీద ఒకే గేరులో పోయిన కిలోమీటర్లు ఆ లెక్కలోకి రావు.

గేర్ ఆయిల్ గురించి కూడా రెండు మాటలు. గేర్ ఆయిళ్లకు ఎపిఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఇచ్చే అంకెల్లో 5 పెద్దది కాబట్టి జీఎల్-5 మేలని పోసేవాళ్లు చాలామంది. డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్లు) పళ్ల కోసం అందులో వేసే రసాయనాలు సింక్రో రింగును జారుడుగా చేస్తాయి, ఇత్తడి రింగులున్న కొన్ని పాత గేర్‌బాక్సుల్లో లోహాన్నీ తింటాయి. కంపెనీ జీఎల్-4 అంటే జీఎల్-4 పోయండి. ట్రెమెక్ టీ-56 లాంటివాటికి గేర్ ఆయిల్ కాదు, డెక్స్‌రాన్ 3 రకం ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ కావాలి. అందులో 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ పోస్తే సింక్రోలు ఆయిల్‌ను తుడిచి పట్టు దొరకబుచ్చుకునేలోపే చెయ్యి లివర్‌ను తోసేస్తుంది. చాలా గేర్‌బాక్సులకు రెండు మూడు లీటర్లు చాలు. కింది డ్రెయిన్ ప్లగ్ విప్పే ముందు పై ఫిల్లింగ్ ప్లగ్ విప్పి చూసుకోండి. కిందిది ఖాళీ చేశాక పైది తుప్పు పట్టి రాకపోతే కారు అక్కడే ఉండిపోతుంది.

కింది ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే దాని మీద ఉన్నది వేలితో తీసి వెలుతురులో చూడండి. బూడిద రంగు మెత్తటి పేస్టు మామూలే. గోటికి గుచ్చుకునే ఉక్కు రజను అయితే పళ్లు లేదా బేరింగు. ఆయిల్‌ను తెల్లటి పళ్లెంలో పోసి పక్కకు వంచినప్పుడు బంగారు రంగు తళుకులు తేలితే ఇత్తడి సింక్రో అరుగుతోంది. ఇత్తడి అయస్కాంతానికి అంటదు కాబట్టి ప్లగ్ శుభ్రంగా ఉందని సంతోషపడకూడదు. కార్బన్ లైనింగ్ సింక్రోలు అరిగితే ఆ తళుకులు కూడా కనపడవు, చేతికి తెలియడమే ఆధారం.

మిగిలింది కదిలే కారులో వచ్చే ఊళ. ఒకే గేరులో వస్తే ఆ గేరు పళ్లు. పొడవుగా అమర్చిన ఇంజిన్, వెనక చక్రాల డ్రైవ్, కౌంటర్ షాఫ్ట్ ఉన్న గేర్‌బాక్స్ అయితే, నిష్పత్తి సరిగ్గా 1 ఉన్న గేరులో ఊళ ఆగి మిగతావాటిలో వస్తోందేమో వినండి. ఆ ఒక్క గేరులో శక్తి కౌంటర్ షాఫ్ట్ మీదుగా పోదు కాబట్టి నేరం దాని బేరింగులదే. అన్ని గేర్లలోనూ, న్యూట్రల్‌లో జారుతున్నప్పుడు కూడా కారు వేగంతో పాటే మారుతుంటే గేర్‌బాక్స్‌ను వదిలేసి డిఫరెన్షియల్, చక్రాల బేరింగులు చూడండి. గేర్‌బాక్స్ దించాల్సి వస్తే మాత్రం రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, లోపలి స్లేవ్, ఫ్లైవీల్ బోల్టులు, క్రాంక్ వెనక సీల్ ఒకేసారి తెప్పించి పక్కన పెట్టుకోండి. ఆ సీల్ నుంచి చెమ్మ కనిపించకపోయినా మార్చండి. దాన్ని మార్చడానికి మళ్లీ ఇంత పనీ చేయాలి.